గగన దూరం – నేల దూరం

దూరమనేది కొలబద్దకు ఒకటి, కాలినడకకు మరొకటి. ఈ సత్యాన్ని నాకు బోధించినవాడు మా తరగతిలోని కొల్లేటి లంక పిల్లవాడొకడు. "గన్నవరంలో లేచిన విమానం రాజమహేంద్రవరంలో దిగడానికి ఎంతసేపు పడుతుందండీ?" అని అతడొకనాడు అడిగినాడు. నేను భాషాబోధకుడనే అయినా, పటం ముందువేసుకొని ఇద్దరమూ లెక్కకు కూర్చున్నాము.

గన్నవరం విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 16.53, తూర్పు రేఖాంశం 80.80 డిగ్రీల వద్ద ఉన్నది. రాజమహేంద్రవరపు విమానాశ్రయమైన మధురపూడి 17.11, 81.82 డిగ్రీల వద్ద ఉన్నది. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. మన ప్రాంతంలో రేఖాంశపు డిగ్రీ సుమారు 106. అనగా ఉత్తరానికి 64, తూర్పునకు 108 కిలోమీటర్లు. శుల్బసూత్రాలలో బోధాయనుడు చెప్పిన కర్ణన్యాయం ప్రకారం ఈ రెంటి వర్గాలను కూడి మూలం తీయగా దాదాపు 126 వచ్చినది. పటం మీద ఆ గీత ఇంచుమించు ఏలూరు నడినెత్తి మీదుగా పోయినది. కొల్లేరు దానికి కుడిచేతి వైపున నిలిచినది.

గంటకు 500 కిలోమీటర్లు పోగల చిన్న విమానానికి ఇది పదునైదు నిమిషాల పయనం. అయితే పైకెక్కాలి, దిక్కు సరిచూసుకోవాలి, వేగం తగ్గించి దిగాలి. కనుక అరగంట దాటుతుంది. విమానాశ్రయాలు రెండూ ఊళ్లకు దూరం. ఊరినుండి అక్కడికి పోవడం, ముందుగా చేరి తనిఖీలకు నిలబడడం, దిగినాక మళ్లీ ఊరు చేరడం—అన్నీ కలిపితే మూడు గంటలు. విజయవాడ నుండి రాజమహేంద్రవరానికి రైలుదారి 150 కిలోమీటర్లు. వేగంగా పోయే బండి రెండు, రెండున్నర గంటలలో చేరుస్తుంది. దగ్గరి దూరాలలో గెలుపు రైలుదే! పైగా రైలుకు ఏలూరు, తాడేపల్లిగూడెం ఆగే ఊళ్లు. విమానానికి అవి కేవలం దాటిపోయే ఊళ్లు.

తాడేపల్లిగూడెం ఎల్లప్పుడూ అట్లా లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆంగ్లేయులు అక్కడ విమానాలు దిగే బాట నిర్మించినారు. గన్నవరం కూడా ఆ యుద్ధకాలపుదే. గన్నవరం ప్రయాణికుల విమానాశ్రయంగా పెరిగినది. గూడెం బాట మూగపోయినది. అయితే ఆ నేల వ్యర్థం కాలేదు. 2015లో ఆ పట్టణానికి వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు ఆ భూములలోనే స్థిరమైన చోటు దొరికినది. విమానాలు దిగిన చోటికి నేడు విద్యార్థులు వస్తున్నారు. ఇది నష్టమని ఎవరనగలరు?

లెక్క ముగిసినది. పిల్లవాడు కాగితం మడిచి, "మా లంకనుండి కళాశాలకు రావడానికి నాకు రెండు గంటలు పడుతుందండీ" అన్నాడు. నాకు మాట తోచలేదు. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటికి చేరినప్పుడు లంకల దారులు నీట మునిగినవి. అట్టి రోజులలో ఆ రెండు గంటలకు అంతే లేదు.

ఆకాశంలో 126 కిలోమీటర్లు అరగంటకు కుదించుకున్నాము. ఆ గీత క్రిందనే ఒక బాలుని బడిదారి ఇంకా కుదించవలసి ఉన్నది. ఉపాధ్యాయులు పిల్లలకు ఈ లెక్క తప్పక నేర్పాలి. నేర్పేటప్పుడు రెండు దూరాలనూ కొలిపించాలి.