ప్లగ్గు చురుక్కుమంటోందా?

చలికాలం ఉదయం. గీజర్ స్విచ్ వేస్తే పావుగంటలో నీళ్లు సిద్ధం. స్నానాలయ్యాక ప్లగ్గు తీయబోతే మాత్రం చెయ్యి చురుక్కుమంటుంది. 'గీజర్ కదా, ఆమాత్రం వేడి మామూలే' అనుకుని వదిలేస్తుంటారు చాలామంది. నీళ్లు కాగాలి కానీ, సాకెట్ కాగితే ఎలా? లోపల ఎక్కడో పట్టు సడలిందని అది చేస్తున్న హెచ్చరిక. పట్టించుకోకపోతే ఏదో ఒకరోజు బోర్డు అంటుకోవచ్చు.

ఎక్కడిదా వేడి?

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ప్లగ్గు పిన్నులు సాకెట్‌లోని ఇత్తడి రేకుల మధ్య బిగుతుగా కూర్చుంటే ఇబ్బందేమీ ఉండదు. రేకులు సడలినా, వెనక వైరు బిగించిన స్క్రూ వదులైనా అక్కడ నిరోధం పెరుగుతుంది. అది ఓంలో మూడో వంతు ఉన్నా చాలు... ఆ ఒక్కచోటే పాతిక వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్‌లో పుట్టే వేడి దాదాపు అంతే! దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసేసినట్టన్నమాట.

కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. అందుకే అదే బోర్డులో సెల్‌ఫోన్ ఛార్జర్ పెడితే ఏ తేడా కనిపించదు, గీజర్ పెడితేనే బయటపడుతుంది. పైగా వేడికి రేకులు స్ప్రింగు గుణం కోల్పోయి మరింత సడలుతాయి. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది.

ఎంసీబీ ఉందిగా!

ఉన్నా ఈ విషయంలో దాన్ని నమ్ముకోలేం. కరెంటు పరిమితి దాటినప్పుడో, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడో అది పడిపోతుంది. వదులు కనెక్షన్‌లో కరెంటు పెరగదు, వేడి మాత్రమే పెరుగుతుంది. కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ కూడా ఈ వేడిని గుర్తించలేదు. ఇక మిగిలింది మన చెయ్యి, కన్ను, ముక్కే!

జాడ తీయండిలా...

కాలిన వాసన, నల్లటి మచ్చలు, చిటపట శబ్దం... వీటిలో ఏది ఉన్నా పరీక్షలేవీ వద్దు. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. కొన్నిరకాల ప్లాస్టిక్ కాలేటప్పుడు చేపల నీచులాంటి వాసన వస్తుందన్నది గుర్తుంచుకోండి. అవేమీ లేకపోతే గీజర్‌ని పావుగంట నడిపి, స్విచ్ ఆపి, పొడి చేతి వేళ్ల వెనకభాగంతో ప్లగ్గు ప్లాస్టిక్‌ని తాకి చూడాలి. పిన్నులను ముట్టుకోవద్దు.

* గోరువెచ్చగా ఉంటే భయం లేదు. చెయ్యి ఉంచలేకపోతే వాడకం ఆపేయాలి.
* ఒక పిన్ను మాత్రమే రంగు మారితే లోపం ఆ వైపు రేకులోనో, స్క్రూ దగ్గరో ఉన్నట్టు.
* ప్లగ్గు దానంతటదే జారుతోంటే రేకులు సడలినట్టే.
* ప్లగ్గు చల్లగా ఉండి స్విచ్ కాలుతోంటే తప్పు స్విచ్‌ది.
* వైరు పొడవునా వేడిగా ఉంటే అది సన్నదై ఉండొచ్చు.

రెండూ మార్చాల్సిందే

సాకెట్ కొత్తది వేసి పాత ప్లగ్గే ఉంచితే నల్లబడ్డ పిన్నులు కొత్త రేకులనూ పాడుచేస్తాయి. రెండూ ఒకేసారి మార్చాలి. కాలిన వైరు చివర కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా ఒలిచి బిగించాలి. గీజర్, ఏసీలకు ఐఎస్‌ఐ గుర్తున్న 16 ఆంపియర్ల సాకెట్, సాధారణంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడతారు. కన్వర్టర్ ప్లగ్గు తగిలించి 6 ఆంపియర్ల సాకెట్‌లో గీజర్ నడపడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. పాత ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ ఉంటే మరింత జాగ్రత్త. ఆ లోహం మెత్తన, స్క్రూ కింద నలిగి త్వరగా వదులవుతుంది.

ఒకవేళ బోర్డు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది ఎక్కడుందో, ఎలా ఆపాలో ఇంట్లో పెద్దలందరికీ తెలిసుండాలి. మీ ఇంట్లో తెలుసా? ఈ ఆదివారమే ఒకసారి చూపించేయండి.