బెల్లం మారిస్తే పిల్లాడి ఒళ్లు తగ్గుతుందా?

పోయిన ఆదివారం మా స్టాల్ దగ్గర ఒకావిడ ఎనిమిదేళ్ల కొడుకుని చూపించి, "తమ్ముడూ, మీ బెల్లం వాడితే వీడి ఒళ్లు తగ్గుతుందా?" అని అడిగింది. అవునంటే నెల సరుకంతా కొనేదే. బెల్లమైనా పంచదారైనా బరువు విషయంలో దాదాపు ఒకటే అక్కా అన్నాను. "పుట్టినప్పుడు రెండున్నర కిలోలు కూడా లేడు. బక్కగా ఉన్నాడని అందరం కుక్కి కుక్కి పెట్టాం" అంది.

అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. ఈ వారం వీడియో దాని గురించే, లింక్ కింద ఇచ్చాను.

తేనెటీగల పెట్టెలు పెట్టినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రాణి ఈగ, కూలి ఈగ ఒకే రకం గుడ్డులోంచి వస్తాయి. రాయల్ జెల్లీ చివరిదాకా తిన్న పురుగు రాణి అవుతుంది. జన్యువు అదే, తిండిని బట్టి దాని పనితీరు మారింది. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

మనుషుల్లో కూడా చూశారు. 1944-45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. తల్లి కడుపులో మొదటి నెలల్లో ఆ కరువు పడ్డ మగపిల్లల్లో 19 ఏళ్లకి ఊబకాయం ఎక్కువ కనిపించింది. కరువు రోజుల్లో కడుపున పడ్డవాళ్లని అరవై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకి సంబంధించిన ఒక జన్యువు మీద గుర్తులు వాళ్ల తోబుట్టువుల కంటే తేడాగా ఉన్నాయి. ఊబకాయానికి ఆ గుర్తులే కారణమని తేలలేదు లెండి. నిద్ర, ఫోను, ఆట లేకపోవడం, ప్యాకెట్ తిండి, ఇవన్నీ కలుస్తాయి.

మనకి దగ్గరిది పుణె కథ. డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి అక్కడి పల్లెల్లో గర్భిణుల్ని, పిల్లల్ని గమనిస్తోంది. పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టారు, ఇంగ్లండ్ సౌతాంప్టన్‌లో అయితే 3.5. మనవాళ్లకి కండ బాగా తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడ్డానికే బక్క! తల్లుల్లో సగానికి పైగా బి12 లోటు ఉంది. ఫోలేట్ ఎక్కువై బి12 తక్కువైన తల్లుల పిల్లలకి, ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ మనం ఒకటి ఒప్పుకోవాలి. మన కొర్రల్లో, ఆకుకూరల్లో, గానుగ నూనెలో బి12 లేదు. ఎంత జీవామృతం పోసినా లెక్కలోకి వచ్చేంత రాదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది.

మా ఇంట్లో జరిగింది కూడా చెప్తా. నా భార్య కడుపుతో ఉన్నప్పుడు రెండు ఆవులు పాలిస్తున్నాయి. పాలన్నీ కేంద్రానికి, నాటు గుడ్లన్నీ స్టాల్‌కి. గుడ్డు మీద వచ్చే డబ్బులే చూశాను. ఆమె అందరి తర్వాత మిగిలిన పప్పుచారుతో తినేది. పాప 2.3 కిలోలతో పుట్టింది. కారణం అదేనని ఏ డాక్టరూ చెప్పలేదు, నాకు మాత్రం మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు మళ్లీ నాలుగో నెల. క్యాన్ కట్టేముందు లీటరు పాలు పక్కన పెడుతున్నాం, రోజూ రెండు గుడ్లు స్టాల్‌కి పోవట్లేదు. ఈసారి రక్తపరీక్షలో బి12 కూడా చూడమని అడిగాం.

ఆ అక్కతో బాబుని పిల్లల డాక్టర్‌కి చూపించమన్నాను. బెల్లం తీసుకోలేదు. తోటకూర రెండు కట్టలు, డజను గుడ్లు పట్టుకెళ్లింది.