సంతకం పెట్టేముందు మన కథ మనమే చదవాలి

నేను చదివింది ఐటీఐ, కేంబ్రిడ్జ్‌లో సైటు సూపర్‌వైజర్‌ని. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన ఇమిగ్రేషన్ లాయరు గారు కథలు కూడా రాస్తారు. కథలో మనిషిని తాను పుట్టించొచ్చు గానీ, స్టేట్‌మెంట్‌లో ఆ మనిషి మనమే అయ్యుండాలి అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అమ్మ ఐసీయూలో ఉందని నేను ఊరెళ్లి నెలలు ఉండిపోతే, ఒక ఏజెంటు దాన్ని "సెలవు" అని రాశాడు. నేను చదవకుండానే సంతకం పెట్టా.

ఆ ఒక్క మాట ఎందుకంత ముఖ్యం? స్కిల్డ్ వర్కర్ వీసా నుంచి శాశ్వత నివాసానికి వెళ్లాలంటే, ఏ 12 నెలల్లోనూ 180 రోజులకి మించి దేశం బయట ఉండకూడదు. వెళ్లిన రోజు, వచ్చిన రోజు లెక్కలోకి రావు. దగ్గరివాళ్లకి ప్రాణాపాయం లాంటి కారణముంటే మినహాయింపు అడగొచ్చు, రుజువు చూపాలి. సెలవుకైతే అది లేదు.

కాబట్టి ప్రతి ప్రయాణం తేదీ, కారణం తెలుగులోనే డైరీలో రాసుకోండి. ఆసుపత్రి కాగితాలు దాచండి. అర్హత లేనివాళ్లు ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం. సొలిసిటరా, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టరైనవారా అని ముందే చూసుకోండి. రాసింది తెలుగులో చెప్పించుకుని, అది మీ కథే అనిపిస్తేనే సంతకం పెట్టండి.