విమానయానమున ఆటసామాను

మన నారాయణఖేడ్ ప్రాంతమున తరతరములుగ ఆడుచున్న ఆటలకు సామానుతో పని తక్కువ. కబడ్డీకి గీత గీసిన నేల చాలును. ఖోఖోకు రెండు స్తంభములు చాలును. ఆటగాండ్రు ఎచ్చటికేగినను తమ కాళ్లును ఊపిరియు తప్ప వేఱొకటి మోసికొనిపోవలసిన పని లేదు. కాని హాకీ, క్రికెట్టు, విలువిద్య, జావెలిన్ అను ఈటెవిసరుట మొదలగునవి నేర్చిన విద్యార్థికి తోడుగా సామాను కూడ పయనింపవలెను. బస్సులో నైనచో దానిని పైకప్పుమీదనో, సీటు క్రిందనో ఉంచుదుము. విమానమున నట్లు కుదరదు. అచ్చట ప్రతి మూటకు తూకము, కొలత, రుసుము కలవు. మన పిల్లలు దూరదేశపు పోటీలకు ఎన్నికగుట అసాధ్యమైన సంగతి కాదు కనుక, ఈ నియమములను విద్యార్థులును, తలిదండ్రులును ముందుగ నెఱిగి యుండుట మేలు.

పూర్వకాలమున ఈ చిక్కు లేదు. 1932లో ఇంగ్లాండునకు వెడలి, మన తెలుగువాడగు సి. కె. నాయుడు నాయకత్వమున టెస్టు ఆడిన భారత క్రికెట్టు జట్టు ఓడలో ప్రయాణించెను. ఓడకు పెట్టె యొకటి ఎక్కువైనను భారము కాదు. హైదరాబాదు సంస్థానమున 1945లో దక్కన్ ఎయిర్వేస్ అను విమాన సంస్థ వెలసినది. 1953లో అది తక్కిన ప్రైవేటు సంస్థలతో కూడ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను. 2008లో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము తెఱవబడెను. రైలుబండి రాని మన ఊరినుండి అచ్చటికి నూఱు కిలోమీటర్లకు పైగా బస్సులో పోవలెను. ఇంత దూరము పోయిన పిదప కౌంటరువద్ద సామాను నిలిచిపోయినచో, దానిని తిరిగి ఇంటికి పంపుటకు గూడ వ్యవధి యుండదు.

సామానును తూచుట వట్టి ధనాశచేత కాదు. విమానము లేచుటకు ముందు ప్రయాణికులు, ఇంధనము, సామాను అను మూడింటి మొత్తపు భారమును లెక్కించి, అది ముందువెనుకలకు సమముగ పంచబడినదా యని చూచెదరు. తరాజు ఒకవైపునకు ఒరిగినట్లు, విమానమున భారము ఒక కొనకు చేరినచో నడుపుట అపాయకరము. మఱియు భారము పెరిగినకొలది ఇంధనము ఎక్కువ ఖర్చగును. ఈ కారణములవలన విమానసంస్థ ప్రతి మూటను గూర్చి మూడు ప్రశ్నలు వేయును: దీని బరువెంత? దీని పొడవెంత? దీనివలన ప్రమాదమేమైన కలదా?

మొదటిది బరువు. మన దేశములోపల సాధారణ తరగతి టిక్కెట్టుపై అనేక సంస్థలు 15 కిలోల అప్పగింపు సామానును, 7 కిలోల చేతి సామానును ఉచితముగ అనుమతించుచున్నవి. కౌంటరు వద్ద ఒప్పగించి విమానపు గర్భమున వేయునది అప్పగింపు సామాను. మనతో లోనికి తీసికొనిపోవునది చేతి సామాను. కొన్ని సంస్థలు ఆ 15 కిలోలును ఒకే మూటగ నుండవలెనని కోరును. విదేశయానమున పెక్కు సంస్థలు మూటల లెక్కను పాటించును. అప్పుడు మూట యొక్కింటికి 23 కిలోలు సామాన్యమైన హద్దు. ఎంత రుసుము చెల్లించినను ఒక్క మూట 32 కిలోలు మించరాదని సాధారణ నియమము. ఏలయనగా దానిని ఎత్తి దింపువాడును మనవంటి మనుష్యుడే. వాని నడుమును కాపాడుటకే ఈ హద్దు.

ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుదము. ఒక విద్యార్థి క్రికెట్టు సంచి 12 కిలోలు, బట్టలును తక్కిన వస్తువులును 8 కిలోలు అనుకొందము. అంతయు ఒకే సంచిలో కుక్కినచో 20 కిలోలు. హద్దుకు 5 కిలోలు ఎక్కువ. కిలోకు 500 రూపాయలు రుసుమని ఊహించినచో 2,500 రూపాయలు చెల్లవలెను. కూలిపనిచేయు తండ్రికి అది అనేక దినముల సంపాదన. అదే విద్యార్థి బట్టలలో 5 కిలోలను చేతిసంచిలో సర్దినచో, అప్పగించు సంచి సరిగా 15 కిలోలగును, రుసుము సున్న. సామాను తగ్గలేదు; సర్దుట మాత్రమే మారినది. జట్టుగ పోవునప్పుడు మఱొక సౌకర్యము కలదు. ఒకే టిక్కెట్టు సంఖ్యపై పయనించువారి అనుమతిని కొన్ని సంస్థలు కలిపి లెక్కించును. అట్లు 12 మంది జట్టుకు మొత్తము 180 కిలోలు వచ్చును. తేలికసంచి గలవాని మిగులు బరువుసంచి గలవానికి ఉపయోగపడును.

ఎక్కువ బరువుపై ఎంత తీసికొనవలెనను విషయమున వివాదము కూడ నడచినది. 2016లో పౌర విమానయాన సంచాలక కార్యాలయము, 15 కిలోలకు పైబడి 20 కిలోలవరకు కిలోకు 100 రూపాయలకు మించి గైకొనరాదని ఆజ్ఞాపించెను. విమానసంస్థలు న్యాయస్థానమున కెక్కగా, 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆజ్ఞను కొట్టివేసెను. అందువలన సంస్థకు సంస్థకు ధర వేఱు. సాధారణముగ ముందుగ కొనినచో కొంత తక్కువ. కౌంటరు వద్ద అప్పటికప్పుడు చెల్లించినచో ఎక్కువ.

రెండవది పొడవు. పురుషుల పోటీలలో విసరు ఇనుపగుండు 7.26 కిలోలు తూగును; కాని చిన్న పెట్టెలో ఒదుగును. పురుషుల జావెలిన్ 800 గ్రాములు మాత్రమే. కాని దాని పొడవు 2.6 మీటర్లకు తక్కువ కాదు. గుండుకు బరువే చిక్కు. ఈటెకు పొడవే చిక్కు. మూటయొక్క పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిని కూడగా 158 సెంటీమీటర్లు మించరాదని పెక్కు సంస్థల నియమము. హాకీ కఱ్ఱ 105 సెంటీమీటర్లు మించి యుండరాదు కనుక దాని సంచి ఈ కొలతలో ఒదుగును. జావెలిన్ ఒదుగదు. నాలుగు మీటర్లకు పైబడిన పోల్‌వాల్టు కఱ్ఱలు అసలే ఒదుగవు. ఇట్టివానిని గూర్చి ముందుగ సంస్థకు తెలిపి అనుమతి పొందవలెను. చిన్న విమానముల సామానుగది తలుపు చిన్నది గనుక, రుసుము కట్ట సిద్ధమైనను అవి పట్టకపోవచ్చును.

మూడవది ప్రమాదము. క్రికెట్టు బ్యాటు, హాకీ కఱ్ఱ, విల్లు, బాణములు మన దేశమున చేతి సామానుగ లోనికి రానీయరు, వానిని అప్పగింపవలసినదే. క్రీడాతుపాకులు గలవారు అనుమతిపత్రములు చూపి, తుపాకిని ఖాళీచేసి, వేఱుగ తాళము వేసి ఒప్పగింపవలెను. తూటాలు మనిషి యొక్కింటికి 5 కిలోలకు మించరాదను నియమము లోకమంతట కలదు. విడి లిథియం బ్యాటరీలకు నియమము తలక్రిందులు: వానిని అప్పగింపరాదు, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. గర్భమున మంట పుట్టినచో ఆర్పువాడు లేడు. ప్రక్కననున్నచో వెంటనే కనిపెట్టవచ్చును. నిజామాబాదు జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కెను. అట్టి యాత్రకు తాళ్లు, బూట్లు, మంచుగొడ్డలి విమానమున అప్పగించి తీసికొనిపోవచ్చును. పొయ్యికి కావలసిన గ్యాసుడబ్బాను మాత్రము ఏ సంచిలోను తీసికొనిపోరాదు, చేరినచోట కొనవలసినదే.

ఇక సామాను పోయినచో నేమి గతి? విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచెను. అట్టి విల్లు వ్యక్తి చేతిపొడవునకును, బలమునకును తగినట్లు సవరింపబడును. పోటీకి ముందురోజు అది రాకున్నచో అంగడిలో మఱొకటి కొని సరిపెట్టుకొనుట సాధ్యము కాదు. పరిహారమునకు చట్టము కలదు. 2009 నుండి మన దేశము మాంట్రియల్ ఒడంబడికలో భాగస్వామి. దాని ప్రకారము విదేశయానమున సామాను చెడినచో 7 దినములలోపల, ఆలస్యమైనచో అందిన 21 దినములలోపల వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయవలెను. పరిహారమునకు హద్దు కలదు గనుక, మిక్కిలి వెలగల వస్తువైనచో అప్పగించునప్పుడే దాని వెలను ప్రకటించి, అదనపు రుసుము చెల్లించుట మంచిది. విమానాశ్రయము విడుచుటకు ముందే సంచిని విప్పి చూచుకొని, లోపమున్నచో అచ్చటనే వ్రాయించుకొనవలెను.

కనుక ప్రయాణమునకు ముందు చేయదగిన పనులు ఇవి:

1. టిక్కెట్టు కొనకమునుపే ఆ సంస్థ సామాను నియమములను చదువుట. విమానము మారవలసిన చోట రెండవ సంస్థ నియమములను గూడ చూచుట.
2. ఇంటివద్దనే తూచి కొలుచుట. ఇంట త్రాసు లేనిచో కిరాణా అంగడి త్రాసు చాలును.
3. సంచి లోపలను వెలుపలను పేరు, ఫోను సంఖ్య వ్రాయుట, ఫోటో తీసికొనుట.
4. విఱుగుడు వస్తువులను గట్టి పెట్టెలో బట్టలతో చుట్టి ఉంచుట.
5. చెల్లించిన ప్రతి రుసుమునకు రసీదు భద్రపరచుట.

తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఒక మనవి. పోటీకి విద్యార్థిని పంపునప్పుడు టిక్కెట్టు, బస, భోజనము లెక్క వేయుదుము. సామాను రుసుమును తఱచుగ మఱతుము. ఆ మఱపు భారము చివరకు కౌంటరు ముందు జేబు తడుముకొనుచు నిలుచు పిల్లవానిపై పడును. ధనికుని కుమారుడు చెల్లించి సాగిపోవును. పేదవాని కుమార్తె తన కఱ్ఱను వెనుకకు పంపి, పరుల కఱ్ఱతో ఆడవలసివచ్చును. ఆటలో గెలుపోటములు నేర్పునుబట్టి కలుగవలెను గాని త్రాసునుబట్టి కాదు. కావున జట్టు ఖర్చుల అంచనాలో మొదటి పద్దులలోనే సామాను రుసుమును చేర్చుడు. బిడ్డ పేరు ఎన్నిక పట్టికలో కనబడిన దినముననే ఆమె సంచిని త్రాసుపై నుంచుడు.