వారం రోజుల్లో బ్యాండు

వేసవి సెలవులు వస్తే మనం ఇంటికి పోతాం, అమ్మానాన్నలతో పనికి పోతాం, సాయంత్రం క్రికెట్ ఆడతాం. కొన్ని దేశాల పిల్లలు సెలవుల్లో "రాక్ క్యాంపు"కు పోతారు. ఆ క్యాంపు సంగతి మన హాస్టల్ పిల్లలకు ఎందుకంటారా? కొంచెం ఓపికగా చదవండి.

2001లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఆడపిల్లల కోసం ఇలాంటి శిబిరం మొదలైంది. ఎనిమిదేళ్ల పిల్లల నుంచి ఇంటర్ వయసు వాళ్ల దాకా చేరేవారు. వాయిద్యం ఎన్నడూ ముట్టుకోని వాళ్లు కూడా చేరవచ్చు. పిల్లలు నలుగురైదుగురు ఒక బ్యాండుగా ఏర్పడతారు. వాయిద్యం నేర్చుకుంటూనే కలిసి సాధన చేస్తారు. వారం చివర తాము కట్టిన పాటను వేదిక మీద వినిపిస్తారు. ఆడపిల్లలు డ్రమ్ములు కొడతారా అని నవ్వేవాళ్లకు అదే జవాబు. తర్వాత ఆ పద్ధతి చాలా నగరాలకు, దేశాలకు పాకింది.

వారంలో సంగీతం వస్తుందా? సంగీతం అంతా రాదు, ఒక పాటకు కావలసింది వస్తుంది. గిటారుకు ఆరు తీగలు. వేళ్లు పెట్టే తీరులు మూడు నేర్చుకుంటే ఎన్నో పాటలు నడుస్తాయి. బాస్ గిటారుకు సాధారణంగా నాలుగు లావు తీగలు, దాని పని గంభీరమైన అడుగు నాదం. వీటన్నిటినీ కట్టి ఉంచేది డ్రమ్ము. గిటారు ఒకచోట తప్పినా పాట సాగిపోతుంది, డ్రమ్ము తప్పితే అందరూ ఆగాల్సిందే. కాబట్టి క్యాంపులో అసలు పాఠం పక్కవాడి వాయిద్యం వినడమే.

ఈ విద్య మన ఊళ్లలో లేదా? జాతరలో, పీర్ల పండుగ గుండం దగ్గర తప్పెట కొట్టే నలుగురిని చూడండి. కుడిచేతిలో పొట్టి లావు పుల్ల, ఎడమచేతిలో సన్నటి పొడుగు పుల్ల. కాగితం లేదు, మాస్టారు లేడు, ఒకరి కన్ను చూసి ఒకరు దెబ్బ మారుస్తారు. మంట దగ్గర కాచడం ఆచారం మాత్రమే కాదు. వేడికి తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది, మోత పదునెక్కుతుంది. డ్రమ్ములకైతే మరలు తిప్పి బిగిస్తారు, అంతే తేడా. మన అనంతపురం సీమకే పేరు తెచ్చిన ఉరుములు ఉన్నాయి. ఆ వాద్యానికి ఒకవైపు పుల్లతో రాస్తే పేరుకు తగ్గట్టే ఉరుముతుంది. మా లెక్కలో అదే మన బాస్ గిటారు.

అయినా ఇంట్లో తప్పెట ఉన్న పిల్లలు బడిలో ఆ మాట చెప్పరు. చెబితే కులం తెలుస్తుందని, ఎవరైనా ఎగతాళి చేస్తారని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు.

రాక్ సంగీతం కథా ఇలాంటిదే. దాని వేళ్లు అమెరికా నల్లజాతి వారి పాటల్లో ఉన్నాయి. విల్లీ మే థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని పాడిన "హౌండ్ డాగ్" 1953లో విడుదలైంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడితే లోకమంతా మోగింది. ఆమెకు దక్కింది కొద్దిగానే. తర్వాత న్యూయార్క్‌లో పెట్టిన ఆడపిల్లల రాక్ క్యాంపుకు ఆమె పేరే పెట్టుకున్నారు.

మన పక్కనే చెన్నైలో "కబాలి" దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి "ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్" అనే బ్యాండును తయారుచేశారు. 2018 జనవరిలో 19 మందితో తొలి ప్రదర్శన ఇచ్చారు. మన తప్పెటకు తోబుట్టువైన పరై, గిటారు, డ్రమ్ములు ఒకే వేదిక మీద మోగాయి. చావుమేళమని దూరం పెట్టిన వాద్యాన్ని వినడానికి జనం టౌన్ నుంచి, పేట నుంచి వచ్చారు. అందులో పాడిన ఇసైవాణి 2020లో బీబీసీ వంద మంది మహిళల జాబితాకెక్కింది.

చెన్నేకొత్తపల్లిలో గిటారు నేర్పే మాస్టారు దొరకడం కష్టమే. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు బెంగుళూరు నుంచి ఒక పాత గిటారో కీబోర్డో తెస్తే చాలు. పరీక్షలు అయ్యాక, ఇళ్లకు పోకముందు ఒక వారం. ఐదుగురికొక జట్టు, జట్టుకొక పాట, అదీ సినిమా పాట కాకూడదు. హాస్టల్ నీళ్ల మీదో, చారు మీదో కట్టుకోవచ్చు, విషయానికి కరువా! తప్పెటలు మన ఇళ్లలోనే ఉన్నాయి. కాచుకోవడానికి వంటగది వెనక గుప్పెడు ఎండుగడ్డి ఉంటే సరి.