సెకండ్‌హ్యాండ్ సూపర్‌బైక్... ధర సరే, లెక్క వేశారా?

మొన్న ఆదివారం మెదక్ రాందాస్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే మా బాబాయి కొడుకు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. ‘అన్నా, గీ బండి చూడు. ఆరొందల యాభై సీసీ, డబుల్ సిలిండర్. లక్షా తొంభైకే ఇస్తా అంటున్నడు!’ తెర మీద ఎర్రగా మెరిసిపోతున్న హ్యోసంగ్ జీటీ650ఆర్. 2012 మోడల్. వాడు ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. ఇప్పటిదాకా దాచుకున్నది రెండు లక్షలు. కొనాలా వద్దా అని కాదు వాడు అడిగింది, ‘అడ్వాన్స్ ఎంత ఇయ్యాలె?’ అని!

మీ ఫోన్‌లోనూ ఇలాంటి ప్రకటన ఒకటి దాచి ఉంచారా? అయితే డబ్బు పంపే ముందు ఈ లెక్క ఒక్కసారి చూడండి.

ఎందుకంత మోజు?

వీ-ట్విన్ అంటే రెండు సిలిండర్లు ‘వి’ ఆకారంలో అమర్చిన ఇంజిన్. జీటీ650ఆర్‌లో 647 సీసీ, సిలిండర్ల మధ్య 90 డిగ్రీల కోణం. ఈ కోణం వల్ల పిస్టన్ల కుదుపు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఇంజిన్ సన్నగా ఉంటుంది, తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుడు బాగుంటుంది. 70 హార్స్‌పవర్ పైనే. ఆ శబ్దం సంగతి విన్నవాళ్లకే తెలుసు! ప్రపంచంలో ఈ తరహాకు పేరు తెచ్చిన సుజుకీ ఎస్వీ650 వచ్చింది 1999లో. మన దగ్గర పాత బైకుల మార్కెట్లో ఈ తరగతి వీ-ట్విన్ అంటే ఎక్కువగా కనిపించేది హ్యోసంగే.

ఇంజిన్ కంటే ముందు విడిభాగాలు

ఈ దక్షిణ కొరియా బైకు 2011లో గార్వారే మోటార్స్ ద్వారా మన దేశానికి వచ్చింది. మరుసటి ఏడాదే డీఎస్‌కే చేతికి వెళ్లింది. 2018లో కైనెటిక్ గ్రూప్‌కు చెందిన మోటోరాయల్ తీసుకుంది. అంటే ఏడేళ్లలో మూడు చేతులు మారిన బ్రాండ్. ఇంత తక్కువకు దొరకడానికి అసలు కారణం ఇదే. బండి చెడ్డదని కాదు, పాడైతే బాగుచేసుకునే దారి కష్టమని.

కాబట్టి బండి చూడ్డానికి వెళ్లకముందే మూడు ఫోన్లు చేయండి. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఎన్ని రోజుల్లో వస్తాయి, ఎంతవుతుంది? ఈ ఇంజిన్ ఇంతకుముందు విప్పిన మెకానిక్ హైదరాబాద్‌లో ఎవరున్నారు? జవాబు రాలేదంటే అక్కడితో ఆగిపోండి.

బండి దగ్గర ఏం చూడాలి?

చల్లటి ఇంజిన్: ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్‌పై చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నారేమో అనుకోవాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు.

వెనక సిలిండర్: ముందు సిలిండర్‌కు తగిలినంత గాలి దీనికి తగలదు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడవనివ్వండి. ఫ్యాన్ తిరగకపోయినా, కూలెంట్ తగ్గినా, ఆయిల్ పాలచాయ్ రంగులో ఉన్నా వెనక్కి వచ్చేయండి. వీలైతే మెకానిక్‌తో కంప్రెషన్ గేజ్ పెట్టించండి. రెండు సిలిండర్ల అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి.

చార్జింగ్: చిన్న మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ నాలుగైదు వేల ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర దాదాపు 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. తగ్గితే రెగ్యులేటరో, స్టేటరో పోయినట్టు.

టైర్లు: పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైందని. గాడులు ఎంత లోతున్నా పాత రబ్బరు గట్టిపడుతుంది, పట్టు పోతుంది. వెనకది 160/60-17 సైజు. అది చిన్న ఖర్చు కాదు.

కాగితాలతో జాగ్రత్త

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అంకెకు అంకె సరిచూడండి. ఎంపరివాహన్ యాప్‌లో బీమా, రుణం వివరాలు, పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బకాయిలు చూడొచ్చు. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. లోన్ తీరిన బండికి ఫారం 35. వేరే రాష్ట్రానిదైతే ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్ను కలిపితే ‘చవక’ బేరం చవక కాకుండా పోవచ్చు. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2012 బండికి 2027లో తీరిపోతుంది, మళ్లీ ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్‌కు వెళ్లాలి.

రోజూ నడిపితే?

మెదక్ నుంచి హైదరాబాద్ వెళ్లిరావడం దాదాపు 200 కిలోమీటర్లు. లీటరుకు 20 కి.మీ. వస్తుందనుకుంటే పది లీటర్లు. పెట్రోలు రూ.107 లెక్కన వెయ్యి దాటింది. అదే 60 ఇచ్చే మామూలు బైకుకు మూడున్నర లీటర్లు చాలు. 350 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 నుంచి ఏడాదికి రూ.2,804, పన్ను అదనం. పైగా రెండొందల కిలోలు దాటిన బరువు, ముందుకు వంగి కూర్చోవడం, బాలానగర్ ట్రాఫిక్‌లో తొడలకు వేడి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ బైకుకు ఏబీఎస్ లేదు.

చివరికి ఏమైందంటే...

బండి చూడ్డానికి వెళ్లాం. ఇంజిన్ అప్పటికే వెచ్చగా ఉంది. మీటర్ 12.4 వోల్టులు దాటలేదు. టైర్లు 2014వి. బండి మహారాష్ట్ర రిజిస్ట్రేషన్, ఎన్‌ఓసీ ‘వచ్చేవారం’ ఇస్తారట! అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశాం. దారంతా తమ్ముడు మాట్లాడలేదు. నర్సాపూర్ అడవిలో కోతుల గుంపు ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. నేను బ్రేక్ గట్టిగా నొక్కాను. నా బండికి ఏబీఎస్ ఉంది కాబట్టి జారకుండా నిలబడింది. అప్పుడన్నాడు వాడు, ‘అదైతే పడిపోతుంటిమి కదన్నా’ అని.

కల వదులుకోమని చెప్పడం లేదు. ఇంట్లో రోజువారీ బండి ఒకటి ఉండి, తెలిసిన మెకానిక్ ఉండి, కొన్న ధరలో కనీసం మూడోవంతు రిపేర్లకు పక్కన పెట్టగలిగితే వీ-ట్విన్ ఆదివారాల్ని పండగ చేస్తుంది. ఉన్న ఒక్క బండీ అదే, ఉన్న డబ్బంతా దానికే అయితే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగండి. ఆగలేకపోతే 2018 చివర్లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650 లాంటి, సర్వీసు దొరికే పాత బండి చూడండి. అది వీ-ట్విన్ కాదు, స్పోర్ట్స్ బైకూ కాదు. కానీ సోమవారం పొద్దున ఆఫీసుకు తీసుకెళ్తుంది.