గట్టికలప దిగుమతి: ఇండియా, చీనా దేశముల పోలిక

ద్వారబంధమునకు టేకు కొనబోయినవారికి, ఆ దుంగ ఘానా నుండియో ఈక్వెడారు నుండియో వచ్చినదని వర్తకులు చెప్పుట నేడు వింత గాదు. మన యడవులలో సహజముగా పెరుగు టేకును సముద్రముల కావలినుండి తెప్పించుకొనవలసిన యవసర మెట్లు కలిగెనో, ఈ విషయమున చీనాదేశ మేమి చేసెనో తెలిసికొనుట పట్టాభూములు గల రైతులకు ప్రయోజనకరము.

గట్టికలప యనగా టేకు, మద్ది, వేప మొదలగు పుష్పించు వృక్షముల కలప. దేవదారు, పైను జాతులది మెత్తకలప. సరుగుడాకులు సూదులవలె నున్నను అది గట్టికలప జాతియే.

రెండు దేశములందును దిగుమతులు హెచ్చుటకు కారణ మొక్కటియే: స్వదేశపు అడవుల రక్షణ. ఇండియాలో 1988 అటవీవిధానము, పరిశ్రమల యవసరములకంటె నేల, నీటి రక్షణయే ముఖ్యమని నిర్ణయించెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అడవుల నరుకుడుపై కఠినమైన ఆంక్షలు విధించెను. చీనాలో 1998 సంవత్సరపు యాంగ్‌ట్సీ వరదల పిమ్మట సహజారణ్యముల నరుకుడు నియంత్రింపబడెను. 1999 లో దుంగలపై దిగుమతి సుంకము తీసివేయబడెను. 2017 నాటికి సహజారణ్యములలో వాణిజ్యపు నరుకుడు ఆ దేశమంతటను నిలిచెను.

అటుపిమ్మట మార్గములు వేరయ్యెను. చీనా తాను కొన్న కలపలో చాలభాగమును పలకలుగను, కుర్చీలు, బల్లలుగను చేసి అమెరికా, ఐరోపాలకు విక్రయించెను. పాపువా న్యూగినీ, సాలమన్ ద్వీపములు, ఆఫ్రికా దానికి దుంగల నిచ్చెను. కోతకలప అమెరికానుండియు వచ్చెను. ఇండియా తెప్పించుకొన్నది మాత్రము ముఖ్యముగా స్వదేశపు గృహములకే వినియోగపడెను. బర్మా టేకు, గుర్జనము, సారవాక్ మెరాంటి దుంగలు కాండ్లా మొదలగు రేవులలో దిగెను.

అమ్ము దేశములును క్రమముగా ద్వారములు మూసినవి. 2010 లో గాబన్ దుంగల యెగుమతి నిషేధించెను. ఇది చీనాకు తగిలెను. 2014 ఏప్రిలు 1 న బర్మా నిషేధించెను. ఇది ఇండియాకు తగిలెను. అప్పుడు మన వర్తకులు ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటలలో పెంచిన టేకును అధికముగా ఆశ్రయించిరి. 2018 లో అమెరికాతో సుంకముల వివాదము కలుగగా, చీనాకు ఆ దేశపు కోతకలపయు తగ్గెను.

దిగుమతుల పట్టికలు చూచునపుడు ఒక జాగ్రత్త వలయును. ఒక ఘనపు మీటరు కోతకలపకు సుమారు రెండు ఘనపు మీటర్ల దుంగ కావలెను. కావున దుంగల లెక్క తగ్గినంతమాత్రమున కలప వాడుక తగ్గినదని తలపరాదు.

పరదేశపు అడవి యెప్పుడైనను మూతపడవచ్చును. అచ్చటి తోటలో పెరిగిన టేకు మన బజారునకు వచ్చుచుండగా, మన గట్లమీద పెరిగినది ఏల రాకూడదు? అయినను, దిగుమతి చౌకయైనపుడు స్వదేశపు ధరయు తగ్గును గనుక పైరుభూమి యంతయు టేకుకు విడువరాదు. నీరు నిలువని లోతైన నేలయే దానికి తగును. లేతమ్రానులో చేవ తక్కువ, తెల్లకలప హెచ్చు. దానికి చెదపట్టును, వెలయు తగ్గును. కావున తొందరపడి నరుకరాదు. నరికి తరలించుటకు ముందు అటవీశాఖ అనుమతిపత్రము పొందవలెను.